ఏడు ‘నైస్’లు

ఈరోజు మావాడి ఇంగ్లీషు వ్యాసం దిద్దించుకుని తిరిగొచ్చింది. పన్నెండు వాక్యాల్లో ఏడు ‘నైస్’లు, ఏడింటి చుట్టూ ఎర్ర సిరా సున్నాలు. మామయ్య నైస్, రైలు నైస్, కిటికీ పక్క సీటు నైస్, దారిలో పడ్డ వాన కూడా నైసే. “స్పెల్లింగ్ సరిగానే ఉంది కదా నాన్నా” అన్నాడు. సరిగానే ఉంది మరి, ఏం చెప్పను?

నిఘంటువు తీశాను. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడట. అందులోని ‘స్కిరే’, అంటే తెలుసుకోవడం, సైన్స్ అనే మాటకూ మూలం. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ. అప్పట్లో మామయ్యను నైస్ అని ఉంటే ఇంట్లో తగవే. తర్వాత పట్టింపులెక్కువ అని, ఆపైన సూక్ష్మం, నిశితం అని అర్థాలు మారి, 18వ శతాబ్దంలో గాని ‘బాగుంది’ దాకా రాలేదు. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే ఈనాటికీ వెంట్రుకవాసి తేడానే.

మన వాడుక వేరు. పొడి నైస్‌గా ఉందంటే మెత్తగా ఉందని. పని చెప్పబోతే నైస్‌గా జారుకున్నాడంటే అందులో మెచ్చుకోలు బొత్తిగా లేదు. నాకు ఇవే నచ్చుతాయి, కనీసం ఏదో ఒకటి చెబుతాయి.

మధ్యాహ్నం ఊరికే ఫోనులో నా పాత సందేశాలు చూశాను. మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి కర్ర లేకుండా వీధి చివరిదాకా నడిచానని పోయిన వారం ఒక మిత్రుడు నాలుగు వాక్యాలు రాశాడు. దాని కింద నా జవాబు: నైస్. వాడు మళ్లీ ఏమీ రాయలేదు. సాయంత్రం ఫోను చేసి, మధ్యలో ఎక్కడైనా ఆగావా అని అడిగాను. ఇరవై నిమిషాలు చెప్పాడు.

రాత్రి మావాడు సవరించిన కాగితం తెచ్చాడు. నైస్ ఉన్న ఏడు చోట్లా ‘గుడ్’ ఉంది.

“వాన ఎందుకు గుడ్‌రా?”

“కిటికీలోంచి చెయ్యి పెడితే మోచేతిదాకా తడిసింది.”

“అదే రాయి.”

కాసేపు పెన్సిలు కొరికి, “మోచేతిని ఇంగ్లీషులో ఏమంటారు?” అన్నాడు.