స్టార్ కోత

చిన్నది పడుకుంది, ఈయన ఎప్పటిలాగే మ్యాచ్ ముందు. నాకు మాత్రం "వాడిని వేరే గ్రూపులోకి మార్చేయండి మేడం" అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

వంశధార, నాగావళి, బాహుద, మహేంద్రతనయ. నేను చెప్పే నాలుగో తరగతిలో గ్రూపుల పేర్లివి. శనివారానికి ఎక్కువ స్టార్లున్న గ్రూపుకి ఆఖరి పీరియడ్ ఆటలు. మహేంద్రతనయలో ఓ సవర పిల్లాడున్నాడు. ఇంట్లో సవర, పర్లాకిమిడి బజార్లో ఒడియా, బడిలో మా తెలుగు. చెల్లిని అంగన్‌వాడీలో దించి వచ్చేసరికి ప్రార్థన అయిపోతుంది, గ్రూపుకి ఓ స్టార్ కోత. ఇవాళ లీడరమ్మ వాడి ముందే అడిగేసింది. వాడు తలెత్తకుండా పెన్సిల్ చెక్కుతున్నాడు. ముల్లు విరిగినా చెక్కుతూనే ఉన్నాడు.

ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, కోత పెట్టమని పట్టుబట్టిన మా సహోద్యోగి మీద. "నలుగురూ తిడితే వాడే దారికొస్తాడు" ట. చెల్లిని ఏ గట్టున వదిలేసి రావాలో కూడా ఆయనే చెప్పాల్సింది.

మా ఆరో తరగతిలో ఎవడో లెక్కల మేస్టారి వీపు మీదికి సుద్దముక్క విసిరాడు. ఎవరూ నోరు విప్పలేదు. క్లాసంతా గోడకుర్చీ. తొడలు వణికిపోయాయి. విసిరిందెవరో సాయంత్రానికి తెలిసిపోయింది. మేస్టారిని ఒక్కళ్ళూ తిట్టుకోలేదు. ఆ కుర్రాణ్ణి మాత్రం ఏడాది చివరిదాకా కబడ్డీకి పిలవలేదు, చింతకాయలు పంచుకుంటుంటే వాడు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయేది. అది శిక్ష, ఇది బహుమతి అంటారు. ఒకడి వల్ల ఆట పోయాక మిగతావాళ్ళకి తేడా ఏముంది?

1969లో అమెరికాలోని కాన్సాస్‌లో ఇలాంటిదే, గుడ్ బిహేవియర్ గేమ్ అని, నాలుగో తరగతిలోనే ఆడించారు. అల్లరి బాగా తగ్గింది. ఇద్దరు పిల్లలు మాత్రం మేం ఆడం పొమ్మన్నారు. వాళ్ళ వల్ల జట్టంతా నష్టపోకూడదని వాళ్ళిద్దర్నీ ఆటలోంచి తీసేశారు. మావాడు ఆడననలేదే!

గ్రూపులే ఎత్తేద్దామని రాయడం మొదలెట్టాను. కానీ నిన్న బోరింగు దగ్గర నాగావళి పిల్లలు, ఎక్కాలంటేనే ఏడ్చే పిల్లని నిలబెట్టి, చెయ్యి కొట్టిన ప్రతిసారీ "ఏడెనిమిదులు యాభయ్యారు" అనిపిస్తున్నారు. నా వల్ల కాని పని. స్టార్ ఆశ లేకపోతే వాళ్ళకేం పట్టింది? గ్రూపులు ఉంటాయి. కోత ఉండదు, వచ్చిన స్టార్ వచ్చినట్టే. ఆలస్యం సంగతి అంగన్‌వాడీ దీదీతో నేను మాట్లాడతాను.

రేపు స్టాఫ్ రూంలో ఆయన క్రమశిక్షణ పురాణం విప్పుతారు. విప్పనీ. బెల్లయ్యాక టీ తాగి తన పీరియడ్‌కి ఎప్పుడొస్తారో, ముందు ఆ స్టార్లు కోద్దాం.