ఎన్డీఏ లెక్కల క్లాసు

కరీంనగర్ జిల్లా రుక్మాపూర్ సైనిక్ గురుకులంలో ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష లెక్కలు చెప్పి హన్మకొండ బస్సెక్కా. పిల్లలు పొద్దున్నే పరుగు, డ్రిల్లు అయ్యాక క్లాసుకొస్తారు. బూట్లకు మట్టి, కళ్ళ నిండా నిద్ర. (రెండో వరుసలో ఒకడు నిటారుగా కూర్చునే కునుకు తీస్తాడు. అదీ ఒక శిక్షణేనేమో!)

ఇంటర్‌లో మనం నేర్పేది ఏడు మార్కుల సమాధానం. సూత్రం రాయి, మెట్లు రాయి, మెట్టుకింత మార్కు. ఎన్డీఏలో రెండున్నర గంటల్లో 120 ప్రశ్నలు, 300 మార్కులు. లెక్కకు 75 సెకన్లు. క్యాలిక్యులేటర్ లేదు, తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత.

ఎ, బి కోణాల మొత్తం 45 డిగ్రీలైతే (1 + టాన్ ఎ)(1 + టాన్ బి) ఎంత? నేను బోర్డు మీద విస్తరిస్తూ ఇంకా రెండో లైన్లోనే ఉన్నా.

"రెండు సార్!"

"ఎట్లరా?"

"ఎ సున్న అనుకున్న సార్. బి 45 అయితది. ఒకటి ఇంటూ రెండు. ఐపాయె గద!"

క్లాసంతా ఒకటే నవ్వు. నిరూపణ కాదు గానీ, పరీక్ష హాల్లో అదే సరైన దారి. అయినా వదల్లేదు, మొత్తం విస్తరించే చూపించా. సీటొచ్చి ఖడక్‌వాస్లాలోని అకాడమీకి వెళ్తే అక్కడ డిగ్రీ కూడా చదవాలి కదా, విలువలు వేసి గట్టెక్కడం అన్నిసార్లూ కుదరదు.

సిలబస్‌లో బైనరీ సంఖ్యలు (0, 1 తోనే రాసేవి), సహసంబంధం (రెండు రాశులు కలిసి ఎలా మారతాయో చెప్పే కొలత) కూడా ఉన్నాయి. ఇంటర్‌లో వీటి జోలికే పోలేదు పిల్లలు. వచ్చే క్లాసు వాటిమీదే. పాత పేపర్లు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, జిరాక్స్ ఖర్చు నాది.