గుండెపోటు అని చెప్పాం

మా తమ్ముడు ఆత్మహత్య చేసుకుని ఏడాదిన్నర దాటింది. ఊళ్లో మాత్రం గుండెపోటు అని చెప్పాం. అంబులెన్స్ మదనపల్లె చేరేలోపే మామయ్య తేల్చేశాడు: "ఈ రోజుల్లో చిన్నవాళ్లకీ వస్తోంది కదా, ఎవరూ అడగరులే."

ఆ రోజు బెంగళూరులో నేనొక్కదాన్నే. ఇలాంటి మరణానికి పోలీసులు, పంచనామా, పోస్టుమార్టం తప్పవు. అవన్నీ అయ్యేదాకా మనిషిని మనకివ్వరు. కాగితాలు కన్నడలో ఉన్నాయి. నాకు మాట్లాడటం వచ్చుగానీ చదవడం అంతంతమాత్రం. మన లిపికి దగ్గరే కదా, కూడబలుక్కుంటూ పోతే మూడో వరసలో వాడి పేరు వచ్చింది. సంతకం పెట్టేశాను.

పెద్దకర్మ రోజు పిన్ని వరసావిడ నా చెయ్యి పట్టుకుని, "ఒకే ఊళ్లో ఉండి, వాడికి బాలేదని నీకు తెలీలేదామ్మా?" అంది. పాపం, ఆవిడ గుండె గురించే అడిగింది. ఆ మాట మాత్రం నాతోపాటు బస్సెక్కి బెంగళూరు వచ్చేసింది.

పగలు ఆఫీసులో బాగానే ఉండేదాన్ని. రాత్రి రెండింటికి వాట్సాప్ తెరిచి వాడి చివరి మెసేజ్ చూసేదాన్ని. "బాక్స్ ఆదివారం తెస్తాలే అక్కా."

మూడో నెలలో ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, మనసు బాలేనివాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులక్కర్లేదు, ఏ వేళైనా చెయ్యొచ్చు. భాష ఎంచుకోమనగానే భయమేసి కట్ చేశాను. రెండోసారి తెలుగు ఎంచుకున్నాను. అవతలి అమ్మాయి కాసేపు విని, "మీక్కూడా చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. "ఒక్కోసారి" అన్నాను. అన్నాక, పోలీసులకి చెబుతారేమోనని టెన్షన్. ఆలోచన వచ్చిందని చెబితే కేసేమీ ఉండదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అయితే, ప్రయత్నం చేసినవాళ్లని కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలంటుంది. అవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఫోన్‌లో అమ్మాయి నా పక్కన ఎవరున్నారని అడిగి, రూమ్మేట్‌ని లేపమంది. లేపాను. తను ఏమీ అడక్కుండా టీ పెట్టింది.

ఆ వారంలోనే సెలవు పెట్టి హోసూరు రోడ్డులో మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రికి వెళ్లాను. నిద్రకి మందు రాశారు. కౌన్సెలింగ్‌లో మేడం మొదటి ప్రశ్న: "మీ తమ్ముడు ఎలాంటివాడు?" అప్పటిదాకా అది ఎవరూ అడగలేదు. నా చపాతీల్ని చూసి "ఇది శ్రీలంక, ఇది కేరళ" అని పేర్లు పెట్టేవాడని చెబుతూ నవ్వాను. ఆ నవ్వులోనే ఏడుపొచ్చేసింది. "తెలీలేదామ్మా" దగ్గరికి రావడానికి నాలుగు వారాలు పట్టింది. అది ఇప్పటికీ పోలేదు, కాకపోతే రోజూ రాదు.

సంవత్సరీకం అయ్యాక అమ్మతో ఫోన్‌లో వాడి పేరెత్తాను. ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆరోజు ఏమన్నా తిన్నాడా?" అంది.

"నేనిచ్చిన పులిహోర తిన్నాడమ్మా. బాక్స్ గట్టు మీద కడిగి బోర్లించి ఉంది."

"కడిగాడా?" అంది అమ్మ. "ఇంట్లో ఒక్కనాడు కడిగిన పాపాన పోలేదు."