పన్నెండు ఫ్రేములకొకసారి పేచీ

శనివారం రాత్రి టెలిస్కోపుతో తీసిన 96 ఫ్రేముల్లో, అంటే ఫొటోల్లో, 32 చెత్తబుట్టకు పోయాయి. పోయినందుకు అంత బాధ లేదు, అవి పోయిన వరస చూస్తేనే ఒళ్లు మండింది.

తీసింది ఎం44 అనే నక్షత్ర గుచ్ఛం. కర్కాటక రాశిలో మన పుష్యమి ఉండే చోటు. మార్చి నడిమిలో రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాదులో అది దాదాపు నడినెత్తిన ఉంటుంది, అంత పైన నగరపు వెలుగు కాస్త పలుచన. 80 మి.మీ. ఎఫ్/6 టెలిస్కోపు గొట్టం, పాత కెనాన్ 1300డి, 45 సెకన్ల ఎక్స్‌పోజర్లు, మధ్యలో 5 సెకన్ల విరామం. పిక్సెల్‌కు 1.85 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). మంచి ఫ్రేముల్లో చుక్కలు ఆవగింజలు, చెడ్డవాటిలో అవే జీలకర్ర గింజలు. ఐదు పిక్సెళ్ల సాగుడు, అంటే సుమారు 9 ఆర్క్ సెకన్లు.

మొదటి అనుమానం ధ్రువ అమరిక మీద, అంటే టెలిస్కోపును ఆకాశంతో పాటు తిప్పే మౌంటు ఇరుసు ఖగోళ ధ్రువం వైపు సరిగ్గా చూస్తోందా అని. మా డాబా నుంచి ధ్రువ నక్షత్రం కనిపించదు. 17 డిగ్రీల ఎత్తున ఉండాల్సినది ఎదురుగా ఉన్న ఐదంతస్తుల వెనక దాక్కుంది. దిక్సూచిని నమ్ముదామంటే స్లాబులోని ఇనుము ముల్లును తిప్పేస్తుంది. అందుకని ఫొటోలు తీయించే నినా సాఫ్ట్‌వేరులో ఉన్న మూడు బిందువుల పద్ధతే నాకు దిక్కు. అది చూపిన తేడా 4 ఆర్క్ నిమిషాలు. ఒక్క ఆర్క్ నిమిషం తేడాకు చుక్క నిమిషానికి మహా అయితే 0.26 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. ఆ లెక్కన నా ఫ్రేములో ఒక్క ఆర్క్ సెకను కూడా రాదు. 9 రావాలంటే ముప్పావు డిగ్రీకి పైగా పక్కకు పోయి ఉండాలి.

నమ్మకం కుదరక, ఒక ఎక్స్‌పోజరు చివర మౌంటు మోటారు ఆపేశాను. చుక్కల నుంచి తూర్పు పడమరలుగా గీతలు పడ్డాయి. సాగుడు సరిగ్గా ఆ గీతల వెంటే ఉంది. ధ్రువ అమరిక నిర్దోషి.

ఆ తర్వాత ఫొటోలను పరిశీలించే సిరిల్ సాఫ్ట్‌వేరులో చుక్కల గుండ్రదనం గ్రాఫు వేసి చూస్తే పన్నెండు ఫ్రేములకొకసారి, నాలుగేసి ఫ్రేములు గోతిలో పడుతున్నాయి. పన్నెండు ఫ్రేములంటే 600 సెకన్లు. నా మౌంటు చక్రానికి 144 పళ్లు. దాన్ని తిప్పేది వార్ము, స్క్రూ లాంటి మర, ఒక చుట్టుకు ఒక పన్ను చొప్పున. 23 గంటల 56 నిమిషాలను 144తో భాగిస్తే వార్ముకు ఒక చుట్టు, ఇంచుమించు పది నిమిషాలు. దొంగ దొరికాడనుకున్నాను.

సగమే దొరికాడు. వార్ము ఇరుసు కాస్త ఒరిగి ఉంటే చుక్క ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి జరగాలి, అంటే చుట్టుకు రెండు గోతులు. నాకు కనిపించేది ఒక్కటే. మోటారు వేగమే తక్కువై, ఒక పక్క తప్పును పెంచి మరో పక్క తుడిచేస్తోందా? అలాగైతే ఒక చుట్టు తిరిగేసరికి చుక్క ముప్పై పిక్సెళ్లు జరగాలి. జరిగింది ఐదు, అదీ ఉత్తర దక్షిణంగా. ఆ ఊహ కొట్టేశాను. మిగిలింది వార్ము మీద ఏదో ఒకచోట గరుకు.

పళ్లు ఒకవైపే ఆనుకుని ఉండేలా తూర్పు పక్కకు కాస్త బరువు ఎక్కువ పెడితే తేడా రాలేదు. ఆదివారం విప్పాను. లోపలి గ్రీజు ముదురు పాకంలా పట్టేసింది. కిరోసిన్‌తో కడిగి లిథియం గ్రీజు పెడితే ఐదు పిక్సెళ్లు నాలుగయ్యాయి. వార్మును చక్రానికి దగ్గర చేసే స్క్రూను ఎనిమిదో వంతు బిగిస్తే మూడు. సంబరపడేలోపే మోటారు మూలిగి ఆగిపోయింది. వదులు చేశాను, మళ్లీ నాలుగు.

గైడరు, అంటే ఒక చుక్కను చూస్తూ మౌంటును సరిదిద్దే చిన్న కెమెరా, కొంటే పోతుంది కదా అంటారు. పోదు, దాక్కుంటుంది. చివరికి కొంటానేమో, ఇప్పుడే కాదు. కాంతి కాలుష్యం ఫిల్టరు మాత్రం నక్షత్ర గుచ్ఛాలకు దండగ. చుక్కల వెలుగు అన్ని రంగుల్లోనూ వస్తుంది, ఫిల్టరు వీధి దీపాలతో పాటు దాన్నీ మింగేస్తుంది.

ఎం67 అనే మరో గుచ్ఛాన్ని 30 సెకన్ల ఫ్రేములతో తీశాను, చక్కగా వచ్చింది.

మేలో ఒమేగా సెంటారి అనే గుచ్ఛాన్ని తీయాలి. ఇక్కడి నుంచి ఎంత పైకి వచ్చినా 25 డిగ్రీలే. దక్షిణం వైపు పొరుగింటి నీళ్ల ట్యాంకు పై అంచును ఫోనుతో కొలిస్తే 19 వచ్చింది, ఆ సందు చాలు. ఖగోళ మధ్యరేఖకు 47 డిగ్రీలు దిగువన ఉంది కాబట్టి ఇదే వార్ము తప్పు అక్కడ మూడింట రెండు వంతులే కనిపిస్తుంది. 30 సెకన్లకు దిగితే రెండు పిక్సెళ్ల లోపే. ఆలోగా వార్ము చివర గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టాలి. గోయి మొదలయ్యే క్షణంలో ఆ చుక్క ఏ పక్కన ఉందో తెలిస్తే, అక్కడే భూతద్దం పెట్టి చూడవచ్చు.