పాత ప్లేస్టేషన్ డిస్క్ చదవకపోతే

తలకిందులుగా పెడితేనే ఆట నడుస్తోందా? లెన్స్ పోయిందని అప్పుడే అనుకోకండి. 1995 నాటి మోడళ్లలో లేజర్‌ను మోస్తూ పట్టాల మీద జారే స్లెడ్ ప్లాస్టిక్‌ది. జారీ జారీ అరిగి, ఒక పక్కకు ఒరుగుతుంది. తిప్పి పెడితే ఆ ఒరుగు కాస్త సర్దుకుంటుంది, అంతే.

ప్లగ్ తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో లెన్స్‌ను తేలిగ్గా తుడవండి. నొక్కొద్దు. పట్టాల మీద నల్లగా గట్టిపడిన పాత గ్రీజు గీకేసి, అగ్గిపుల్ల మొనంత సిలికాన్ గ్రీజు రాయండి. ఎక్కువైతే చెన్నై దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది.

లేజర్ పవర్ పెంచడానికి పాట్ (దాన్ని సర్దే చిన్న స్క్రూ) తిప్పడం మాత్రం వద్దు, లేజర్ వెలుగునిచ్చే డయోడ్ త్వరగా చస్తుంది. దానికన్నా చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో మీ మోడల్‌కు సరిపోయే కేఎస్ఎం-440 లేజర్ యూనిట్ అడగడం మేలు. కొత్తదానిపై స్టాటిక్ కరెంట్ తగలకుండా వేసిన చిన్న టంకం చుక్క ఉంటే, రిబ్బన్ కేబుల్ బిగించాక తీసేయాలి. మరిచిపోతే లేజర్ వెలగదు.