ఆ కారు నా చెవికి బాగానే వినపడింది

మొన్న శుక్రవారం మా ఓనరు అందరి ముందూ నన్ను ఒక్క మాట అడిగాడు. "లాగ్ చూశావా, చెవితో విన్నావా?" అంతే. లాగ్ అంటే బండి నడిచేటప్పుడు ఇంజను సెన్సర్లు చెప్పే అంకెలు లాప్‌టాప్‌లో ఎక్కే రికార్డు. గొంతు కూడా పెంచలేదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నా ఆ మాటే తిరుగుతోంది. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప పోయేట్టు లేదు, అందుకే ఇది.

నేను ఇంగ్లండ్‌లో ఒక ట్యూనింగ్ గ్యారేజీలో చేస్తున్నాను. చిన్న టర్బో కార్ల ఈసీయూలో, అంటే ఇంజన్ని నడిపించే చిన్న కంప్యూటర్‌లో, మ్యాప్ అనే అంకెల పట్టిక మార్చడం మా పని. ఊళ్లో వాళ్లు కంప్యూటర్ ఉద్యోగం అనుకుంటారు గానీ ఇది మెకానిక్ పనే. చీమకుర్తిలో టిప్పర్ డీజిల్ పంపు సీలు తీసి స్క్రూ కొంచెం తిప్పితే పికప్ వచ్చేది కదా, ఇక్కడ స్క్రూ బదులు అంకెలు. టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి, అదే బూస్ట్, కాస్త పెంచుతాం, స్పార్క్ రెండు డిగ్రీలు ముందుకి జరుపుతాం, ఫుల్ రేస్‌లో పెట్రోలు కాస్త ఎక్కువ పోయిస్తాం. అదే ఇంజను వేరే బండిలా లాగుతుంది.

ఆ రోజు వచ్చింది 999 సీసీ, మూడు సిలిండర్ల కారు. కుర్రాడు ఒకటే అడిగాడు, కింద నుంచే పికప్ కావాలని. నేను 1,800 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ పెంచి, స్పార్క్ టైమింగ్ కూడా ముందుకి జరిపాను. రోడ్డు మీద తిప్పాను. బ్రహ్మాండంగా లాగింది, ఎక్కడా టిక్కుమన్న శబ్దం లేదు. తాళం బోర్డుకి తగిలించాను. ఓనరు ఆ తాళం తీసుకుని, లాప్‌టాప్ పక్క సీట్లో పెట్టుకుని, మూడో గేరులో 1,500 నుంచి ఫుల్ రేస్ ఇచ్చి వచ్చాడు. స్క్రీన్ నా వైపు తిప్పాడు. 1,900 దగ్గర రెండో సిలిండర్‌లో నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలినట్టు మండటం, సెన్సర్ పట్టుకున్నది ఉంది, ఈసీయూ 5 డిగ్రీలు టైమింగ్ వెనక్కి లాక్కుంది. నేను ఇచ్చింది రెండు డిగ్రీలు. ఇంజను తనను తాను కాపాడుకుంటోంది, నేనేమో బండి బాగుందనుకుంటున్నాను.

ఈ చిన్న టర్బోలతో అసలు భయం పైన 6,000 దగ్గర కాదు, కిందే. తక్కువ ఆర్‌పీఎంలో బూస్ట్ ఎక్కువ ఉన్నప్పుడు, సిలిండర్ గోడకి పట్టిన పెట్రోలూ ఆయిలూ కలిసిన బొట్టు ఎగిరి, స్పార్క్ రాకముందే మండిపోవచ్చు. మామూలు నాకింగ్ అయితే టైమింగ్ తగ్గిస్తే ఆగుతుంది. ఇది స్పార్క్ కంటే ముందే మొదలవుతుంది కాబట్టి టైమింగ్ తగ్గించి ఆపలేం, గట్టిదైతే ఒక్కసారికే పిస్టన్ విరగ్గొడుతుంది. అందుకే 2020లో వచ్చిన 'ఏపీఐ ఎస్‌పీ' అనే ఇంజనాయిల్ ప్రమాణంలో దీని మీద ప్రత్యేకంగా పరీక్ష ఉంది. మా ఓనరు ప్రతి కస్టమర్నీ మొదట ఆయిల్ ఏది పోశారని అడుగుతాడు. ఇన్నాళ్లూ అది చాదస్తం అనుకున్నాను.

అయినా నాకు మనసులో ముల్లులా గుచ్చుకున్నది "చెవితో" అన్న మాట. ఆ చెవి నాకు ఊరికే రాలేదు. చీమకుర్తిలో మా మేస్త్రీ పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, "మూడోదాని ఇంజెక్టర్ రా" అనేవాడు. విప్పితే అదే. లాప్‌టాప్ లేదు, సెన్సర్ లేదు. దుమ్ములో, ఎండలో, పూటకి ముప్పై రూపాయల టీలు తాగుతూ క్వారీ బళ్లు నడిపించిన మనిషి. ఇక్కడ కేబుల్ లేకపోతే బండి దగ్గరికి రాని వాళ్లు, ఆ విద్యని ఒక్క మాటతో తీసేస్తే ఎట్లా ఒప్పుకోను?

శనివారం మేస్త్రీకి ఫోన్ చేశాను. నా వైపు మాట్లాడతాడనే చేశాను, అబద్ధమెందుకు. అంతా విన్నాడు. "సరే గానీ, లోడెక్కించి చూశావా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నిజమే. ఆయన పంపు తిప్పిన ఏ టిప్పర్నీ ఖాళీగా చూసి పంపలేదు. రాళ్లు నింపించి, డ్రైవర్ పక్కన తానే కూర్చుని, క్వారీ ర్యాంపు రెండో గేరులో ఎక్కించేవాడు. పొగ చూసేవాడు, గేజి చూసేవాడు, పైకొచ్చాక దిగి రేడియేటర్ దగ్గర చెయ్యి పెట్టి చూసేవాడు. అప్పుడు గానీ తాళం ఇచ్చేవాడు కాదు. నేను ఆయన చెవి నేర్చుకున్నాను, ర్యాంపు మర్చిపోయాను.

ఇంకో సంగతి అడిగాడు, ఆ రోజు అక్కడ ఎంత ఎండ అని. 8 డిగ్రీలు మేస్త్రీ అన్నాను. "మరి రోహిణి కార్తెలో?" అన్నాడు. ఇక్కడ రోహిణి కార్తె లేదు గానీ ప్రశ్న సరైందే. 10 డిగ్రీల గాలి కంటే మన ఒంగోలు 45 డిగ్రీల గాలి దాదాపు 11 శాతం పలచన. అదే బలం రావాలంటే టర్బో ఇంకా కష్టపడాలి, లోపలికి పోయే గాలి ఇంకా వేడెక్కుతుంది, నాకింగ్ ఇంకా దగ్గరవుతుంది. ఊరి నుంచి తమ్ముళ్లు నాకు మెసేజ్ పెడుతుంటారు, "అన్నా, నా టర్బో కారుకి ఒక ఫైల్ పంపు" అని. ఇక్కడ చలిలో, నాకింగ్‌ని బాగా తట్టుకునే 99 ఆక్టేన్ పెట్రోలు మీద చేసిన ఫైలు మీ బండికి పంపనురా. అడగొద్దు. కోపం తెచ్చుకోవద్దు.

సోమవారం పొద్దున ఆ కారు మళ్లీ నేనే తీసుకున్నాను. 2,500 లోపు బూస్ట్ తగ్గించాను, టైమింగ్ నేను జరపకముందు ఉన్నదే పెట్టాను. పంపులో దొరికే మామూలు 95 పెట్రోలే పోయించాను, ఎందుకంటే కుర్రాడు 99 పోస్తానన్నా నెలాఖరుకి పోసేది అదే. ఇంజను బాగా వేడెక్కాక, ఊరి బయట ఎత్తు రోడ్డు మీద మూడో గేరులో ఆరుసార్లు లాగ్ తీశాను. ఈసీయూ వెనక్కి లాక్కున్న టైమింగ్ మూడు సిలిండర్లకీ ఆరుసార్లూ సున్నా. ఓనరు ఆరింటినీ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత కుర్రాడికి ఫోన్ చేసి, కింద పికప్ అడిగినంత ఇవ్వలేదని, ఎందుకివ్వలేదో నన్నే చెప్పమని రిసీవర్ నా చేతికిచ్చాడు.