చెట్టు కింద బెంచీ

నీళ్ళ సీసా చేతికిచ్చి దూరంగా వచ్చి నిలబడ్డాను. మా ఆఫీసమ్మాయి అప్పటికే ఏడుస్తోంది. పక్కన అరవై దాటిన పెద్దావిడ. చేతిలోని నోట్‌బుక్ మూసేసి, ఆ పిల్ల మోకాలి మీద చెయ్యి వేసింది. అంతే.

హరారేలో ఒక క్లినిక్ బయట, చెట్టు కింద చెక్క బెంచీ. కోటిన్నర మంది ఉన్న జింబాబ్వేలో మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అందుకే డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో ఎంబారే పేటలో 14 మంది బామ్మలకు మనసులోని బాధ విని మాట్లాడడంలో శిక్షణ ఇచ్చి ఈ బెంచీలు మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన పేషెంటు ఒకమ్మాయి ఆత్మహత్య చేసుకుంది. ఆయన దగ్గరికి రావడానికి ఇంట్లో బస్సు ఛార్జీలు లేవట. పదిహేను డాలర్లు!

డిప్రెషన్ అనే మాట ఇక్కడ పెద్దగా వాడరు. ఇక్కడి షోనా భాషలో 'కుఫుంగిసిస' అంటారు, అతిగా ఆలోచించడం అని. మా అమ్మమ్మ కూడా 'దానికి ఆలోచన ఎక్కువైంది' అనేది. అప్పట్లో నవ్వుకునేవాళ్ళం.

తిరిగొచ్చేటప్పుడు నేనేమీ అడగలేదు. సిగ్నల్ దగ్గర తనే అంది, "గురువారం మళ్ళీ రమ్మంది. లీవు ఇస్తావా?"